రేటింగ్ తక్కువ.. ఆట ఎక్కువ!

‘‘ఎనిమిది వందల రేటింగ్ వాడు అలా ఆడతాడా అండీ? కచ్చితంగా పక్కన ఇంజిన్ పెట్టుకునే ఆడుంటాడు!’’

అమెరికాలో ఏ ఊళ్లోనైనా శనివారం జరిగే స్కూల్ చెస్ టోర్నమెంటుకు వెళ్లండి. పిల్లలు లోపల ఆడుతుంటే బయట కాఫీ కప్పులతో కూర్చున్న తల్లిదండ్రుల మధ్య ఈ మాట వినపడకుండా ఉండదు. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే తంతు. ముందు రోజు రాత్రి ఆన్‌లైన్‌లో పిల్లాడు ఓడిపోయిన ఆట స్క్రీన్‌షాట్ పెడతారు. ఎదుటివాడి రేటింగ్ చుట్టూ ఎర్రగా సున్నా చుడతారు. ‘ఇది సాధ్యమేనా?’ అని అడుగుతారు. కింద పదిమంది ‘చీటింగ్’ అని తీర్పు చెప్పేస్తారు. ఆ ఆటను తెరిచి, ఏ ఎత్తు దగ్గర ఓడాడో చూసేవాళ్లు మాత్రం అరుదు.

ఇది ఇళ్లలో అనుకునే మాటగానే మిగిలి ఉంటే రాయాల్సిన పని లేదు. 2025 అక్టోబరులో అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ డేనియల్ నరొడిట్‌స్కీ 29 ఏళ్లకే కన్నుమూసిన తర్వాత, ఆధారం చూపకుండా ఎదుటివాణ్ని మోసగాడనే అలవాటు గురించి చదరంగ ప్రపంచమంతా మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు అసలు ప్రశ్న. తక్కువ రేటింగ్ ఉన్నవాడు అంత బాగా ఎలా ఆడతాడు? మోసం చేసేవాళ్లు లేరని కాదు, ఉన్నారు. కానీ మన పిల్లలకు తగిలే ఇలాంటి ప్రత్యర్థుల్లో చాలామంది విషయంలో తేడా ఆటలో ఉండదు, పేరు పక్కన కనిపించే అంకెలో ఉంటుంది. ఆ అంకె పాతబడిపోయి ఉంటుంది, లేదా ఇంకా కుదురుకుని ఉండదు.

అంకె ఏం చెబుతోంది?

రేటింగ్ పద్ధతిని రూపొందించిన అర్పాడ్ ఎలో హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫిజిక్స్ ప్రొఫెసర్. మిల్వాకీలో పాఠాలు చెప్పేవారు. ఆయన పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాయి. ఈరోజు మన పిల్లల పేర్ల పక్కన కనిపించే అంకెలన్నిటికీ మూలం అదే. మనం దాన్ని పరీక్షలో వచ్చిన మార్కులా చూస్తాం. ఎలో దృష్టిలో అది ఒక అంచనా. ఇద్దరు చాలా ఆటలు ఆడితే ఎవరికి ఎన్ని పాయింట్లు వస్తాయో ముందుగా చెప్పే లెక్క. డ్రాకు అర పాయింటు చొప్పున వేసుకుంటే, 100 రేటింగ్ తేడా ఉన్నప్పుడు పైవాడికి నూటికి 64 పాయింట్లు రావాలి. 200 తేడా ఉంటే 76. 400 ఉంటే 91.

దీన్ని కిందివాడి వైపు నుంచి చూడండి. మీ అమ్మాయికి 1300, ఎదుటి పిల్లాడికి 1100 ఉన్నాయనుకుందాం. ఇద్దరి అంకెలూ పూర్తిగా సరైనవే అనుకున్నా, వంద ఆటల్లో ఆ పిల్లాడికి 24 పాయింట్లు రావాలి. అంటే ఇంచుమించు నాలుగు ఆటలకు ఒకటి వాడిదే. రాకపోతేనే లెక్క ఎక్కడో తప్పిందని అర్థం. 400 తేడా ఉన్నా పదకొండు ఆటలకు ఒక పాయింటు కిందివాడికి దక్కాలి. రోజూ అరడజను బ్లిట్జ్ ఆటలు ఆడే పిల్లలకు ఇలాంటి ఓటమి తరచూ తగలడమే సహజం. గెలిచిన మూడు ఆటలు ఎవరికీ గుర్తుండవు. ఓడిన నాలుగోది స్క్రీన్‌షాట్ అవుతుంది.

ఇదంతా అంకెలు సరైనవైనప్పటి మాట. అవి సరిగా లేవని ఫిడే స్వయంగా ఒప్పుకుంది. 2024 మార్చి 1 నుంచి, 2000 లోపు రేటింగ్ ఉన్నవాళ్లందరికీ ఒకేసారి పాయింట్లు కలిపింది. 2000కు ఎంత దూరంలో ఉంటే ఆ దూరంలో 40 శాతం చొప్పున ఇచ్చింది. 1500 ఉన్నవాళ్లు తెల్లారేసరికి 1700 అయ్యారు. 1000 ఉన్నవాళ్లు 1400 అయ్యారు. అంతవరకు 1000గా ఉన్న కనీస రేటింగ్ కూడా 1400కు పెరిగింది. ఆ ఒక్క రాత్రిలో ఎవరి ఆటా మెరుగుపడలేదు కదా! కింది వరుసల్లో ఉన్నవాళ్లు తమ అంకె చెప్పేదానికంటే బలంగా ఆడుతున్నారని ఆటను నడిపే సంస్థే చేతల్లో ఒప్పుకున్నట్లయింది.

ఎందుకలా జరిగింది? పిల్లలు తక్కువ అంకెతో ఆటలోకి వస్తారు. ఏడాదిలో ఎంతో నేర్చుకుంటారు. కానీ అంకె పెరగాలంటే రేటెడ్ ఆటలు ఆడాలి, ఎవరో ఒకరి దగ్గర పాయింట్లు తీసుకోవాలి. ఆ పాయింట్లు పోగొట్టుకున్నవాళ్ల ఆట తగ్గి ఉండదు, అంకె మాత్రం తగ్గుతుంది. ఇలా ఏళ్ల తరబడి సాగితే కింది భాగమంతా నెమ్మదిగా అసలు బలం కంటే దిగువకు జారుతుంది. దానికి కరోనా తోడైంది. టోర్నమెంట్లు ఆగిపోయాయి, అధికారిక అంకెలు ఉన్నచోటే ఉండిపోయాయి. పిల్లలు మాత్రం ఇంట్లో కూర్చుని రాత్రీ పగలూ ఆన్‌లైన్‌లో ఆడారు. 2020 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో ‘ది క్వీన్స్ గాంబిట్’ వచ్చాక ఎప్పుడూ పావు ముట్టనివాళ్లు కూడా ఆటలోకి దిగారు. 2022 చివరికి చెస్ డాట్ కామ్ సభ్యుల సంఖ్య పది కోట్లు దాటింది.

మన దేశంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. యూరప్ నుంచి భారత్‌లో టోర్నమెంట్లు ఆడటానికి వెళ్లినవాళ్లు పాయింట్లు పోగొట్టుకుని రావడం చెస్ వర్గాల్లో పాత జోకే. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, చెన్నై అకాడమీల్లో పిల్లలు రోజూ గంటల తరబడి సాధన చేస్తారు. ఎక్కువగా ఆడేది తమలాంటి పిల్లలతోనే. బయటి నుంచి కొత్త పాయింట్లు పెద్దగా రావు, ఉన్నవాటినే అందరూ పంచుకోవాలి. దాంతో ఆట పెరిగినంత వేగంగా అంకె పెరగదు.

ఇప్పుడు గడియారం చూడండి. చలికాలంలో న్యూజెర్సీలో రాత్రి తొమ్మిదింటికి మన పిల్లాడు హోంవర్కు ముగించి, నిద్ర ముంచుకొస్తుంటే ‘ఒక్క ఆట’ అంటూ కూర్చుంటాడు. అప్పుడు భారత్‌లో ఉదయం ఏడున్నర. నిద్ర లేచి, స్నానం చేసి, స్కూలు బస్సు వచ్చేలోపు ఆడదామని ఫోన్ తీసిన మరో పిల్లాడు దొరుకుతాడు. వాడి పేరు పక్కన చిన్న త్రివర్ణ పతాకం, 1100 అనే అంకె మాత్రమే మనకు కనిపిస్తాయి. వాడు ఎంత సాధన చేశాడో ఎక్కడా కనిపించదు.

ముఖం కనిపిస్తే అనుమానం రాదు

గత ఏడాది జులైలో జార్జియాలోని బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్‌ను గుర్తు చేసుకోండి. 2025లో జరిగిన ఆ పోటీకి 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్ 15వ సీడ్‌గా వెళ్లింది. అప్పటికి ఆమె గ్రాండ్‌మాస్టర్ కాదు, ఆ హోదాకు అవసరమైన నార్మ్ ఒక్కటి కూడా చేతిలో లేదు. క్వార్టర్ ఫైనల్లో మన ద్రోణవల్లి హారికను, ఫైనల్లో మన కోనేరు హంపిని ఓడించింది. హంపి అప్పటికి రెండుసార్లు ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. మన తెలుగు ఇళ్లలో ఆ రోజు బాధపడ్డారే తప్ప ‘ఆ అమ్మాయి ఇంజిన్ చూసి ఆడింది’ అని ఎవరూ అనలేదు. ఎందుకంటే ఆమె బోర్డుకు అటువైపు కూర్చుని తల పట్టుకోవడం, తప్పు చేసి మళ్లీ కోలుకోవడం, గెలిచాక కన్నీళ్లు పెట్టుకోవడం అందరూ చూశారు.

ఆన్‌లైన్‌లో అవేవీ ఉండవు. ఒక మారుపేరు, ఒక అంకె, అంతే. మనిషి గురించి మనకు తెలిసింది ఆ అంకె ఒక్కటే కాబట్టి, ఆట దానికి సరిపోలకపోతే మనిషినే అనుమానిస్తాం. అంకెను అనుమానించాలని తోచదు.

నిజానికి ఆన్‌లైన్ అంకెను అనుమానించడానికి కారణాలు ఎక్కువే. మార్క్ గ్లిక్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్త ఎలో పద్ధతిని మెరుగుపరిచి 1995లో గ్లికో అనే పద్ధతి తెచ్చారు. పెద్ద చెస్ సైట్లు వాడుతున్నవి దాని రూపాలే. అందులో ప్రతి ఆటగాడికీ రేటింగ్‌తో పాటు ‘ఈ రేటింగ్‌ను ఎంత నమ్మొచ్చు’ అని చెప్పే రెండో అంకె కూడా ఉంటుంది. కొత్త ఖాతాకు, చాలాకాలం ఆడని ఖాతాకు ఆ నమ్మకం తక్కువ. లీచెస్ సైట్‌లో కొత్తవాళ్లందరూ 1500 దగ్గరే మొదలవుతారు, పక్కన ప్రశ్నార్థకం గుర్తు ఉంటుంది. ఇంకా తేలలేదు సుమా అని సైటే చెబుతోందన్నమాట. చెస్ డాట్ కామ్‌లో ఖాతా తెరిచేటప్పుడు ‘మీకు ఆట ఎంత వచ్చు?’ అని అడుగుతారు. మనవాళ్లలో వినయం ఎక్కువ కదా, పాతికేళ్ల కిందట కాలేజీ జట్టుకు ఆడినాయన కూడా ‘కొత్తగా నేర్చుకుంటున్నాను’ అనే నొక్కుతాడు. ఆ తర్వాత ఆయన అసలు స్థాయికి చేరేదాకా దారిలో తగిలిన ప్రతి పిల్లాడూ ‘ఇదేం బిగినరు!’ అని గుడ్లు తేలేస్తాడు.

ఒకే మనిషికి ఒకే సైట్‌లో నాలుగైదు రేటింగులు ఉంటాయన్నది చాలామంది తల్లిదండ్రులు గమనించని సంగతి. మూడు నిమిషాల బ్లిట్జ్‌లో వేల ఆటలు ఆడి ఆరితేరినవాడు పది నిమిషాల ర్యాపిడ్ ఇవాళే మొదలుపెట్టి ఉండొచ్చు. ర్యాపిడ్‌లో తెర మీద కనిపించేది ర్యాపిడ్ అంకే. వాడి పేరు మీద నొక్కి ప్రొఫైల్ చూస్తే పది సెకన్లలో తెలిసిపోతుంది.

ఇక మన ఇళ్లకు ప్రత్యేకమైన కారణం ఒకటుంది, ఉమ్మడి ఖాతా. సభ్యత్వానికి డబ్బు కట్టాం కదా అని ఇంటిల్లిపాదికీ ఒకటే ఖాతా. మధ్యాహ్నం నాన్న ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి మూడు నిమిషాల ఆటలు ఆడతాడు, వరసగా ఓడి రేటింగును 900 దాకా దించుతాడు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన కూతురు అదే ఖాతాలో 1400 స్థాయి ఆట ఆడుతుంది. ఎక్కడో డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఓడిపోయిన పిల్లాడి తండ్రి ఆ 900 అంకె చుట్టూ ఎర్ర సున్నా చుడతాడు. మనం గ్రూపులో తిట్టుకునే ‘మోసగాడు’ ఇలాంటి ఇంటివాడే అయ్యుండొచ్చు. సరదాగా చెప్పినా ఇది చిన్న విషయం కాదు. సైట్ల నిబంధనల ప్రకారం ఒక ఖాతాలో ఒక్కరే ఆడాలి. ఆట మధ్యలో ఇంకొకరి సలహా తీసుకోవడం కూడా మోసమే. వెనక నిలబడి ‘ఆ గుర్రాన్ని తియ్యి నాన్నా’ అనే తాతయ్యను కూడా ఇంజిన్ కిందే లెక్కేస్తారు. ఖాతా మూసేస్తే పిల్ల పేరు మీదే మూస్తారు, తాతయ్య పేరు మీద కాదు.

సైట్లు కూడా అప్పుడప్పుడు ఈ తమాషా చేస్తుంటాయి. 2023 జనవరిలో చెస్ డాట్ కామ్ ‘మిట్టెన్స్’ అనే పిల్లి బొమ్మ బాట్‌ను పెట్టింది. రేటింగ్ 1 అని చూపించారు. లోపల ఉన్నది మాత్రం గ్రాండ్‌మాస్టర్లకు కూడా కొరుకుడుపడని ఇంజిన్. బేలగా చూసే పిల్లికూన చేతిలో ఓడిపోవడానికి జనం ఎగబడ్డారు. ఆ నెల వచ్చిన రద్దీకి సైట్ సర్వర్లే తట్టుకోలేకపోయాయి. అక్కడ అందరూ నవ్వుకున్నారు, ఎందుకంటే అది ఆటపట్టించడమని ముందే తెలుసు.

నిజమైన మోసం

మోసం మాటకొస్తే, 2021 జూన్‌లో జరిగింది ఎవరూ మర్చిపోలేరు. కరోనా సాయానికి నిధుల కోసం విశ్వనాథన్ ఆనంద్ ఒకేసారి పలువురు ప్రముఖులతో ఆన్‌లైన్‌లో ఆడారు. జెరోధా సహ వ్యవస్థాపకుడు నిఖిల్ కామత్ ఆయన మీద గెలిచారు. ఐదుసార్లు ప్రపంచ చాంపియన్ మీద సరదాగా ఆడే ఒక వ్యాపారవేత్త గెలిచాడంటే ఎవరు నమ్ముతారు? మర్నాడే కామత్ కంప్యూటర్ సాయం, ఇతరుల సాయం తీసుకున్నానని ఒప్పుకున్నారు. రేటింగ్ లెక్క ఇక్కడ సరిగ్గా పనికొచ్చింది. తేడా 200, 300 అయితే ఓటమి మామూలే. వెయ్యికి పైగా ఉంటే అనుమానించాల్సిందే.

అదే ఏడాది మార్చిలో ఇండొనేసియాలో జరిగింది ఇంకా పెద్ద గొడవ. అమెరికన్ ఇంటర్నేషనల్ మాస్టర్, యూట్యూబర్ లెవీ రోజ్‌మన్ ‘దేవా కిపాస్’ అనే ఖాతా చేతిలో ఓడారు. ఆ తర్వాత సైట్ ఆ ఖాతాను మూసేసింది. ఖాతాదారు దాదాంగ్ సుబుర్ అనే పెద్దాయన. ‘మా దేశస్థుడికి అన్యాయం చేశారు’ అంటూ వేల మంది రోజ్‌మన్ మీద తిట్ల వర్షం కురిపించారు. చివరికి ఆయన్ను కెమెరాల ముందు ఇండొనేసియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్‌తో ఆడించారు. పది లక్షల మందికి పైగా ప్రత్యక్షంగా చూస్తుండగా ఐరీన్ 3-0తో గెలిచింది. నేను ఈ ఉదంతాన్ని మన గ్రూపుల్లో తరచూ గుర్తుచేస్తాను. మనవాడు కాబట్టి మంచివాడు అనుకోవడం, ఎదుటివాడు కాబట్టి మోసగాడు అనుకోవడం రెండూ ఒక తల్లి పిల్లలే.

సైట్లు మోసాన్ని ఎలా పట్టుకుంటాయో స్థూలంగా తెలుసుకుంటే సగం అనుమానాలు తీరతాయి. ఆటగాడి ఎత్తులను ఇంజిన్ మొదటి ఎంపికలతో పోలుస్తారు. ఎత్తుకు ఎంత సమయం తీసుకున్నాడో చూస్తారు. బలవంతపు ఎత్తుకూ ఏడు సెకన్లే, తలలు పండిన గ్రాండ్‌మాస్టర్లు అరగంట ఆలోచించే ఎత్తుకూ ఏడు సెకన్లే తీసుకుంటే మనిషి ఆడుతున్నట్టు కాదు. ఇదంతా ఒక్క ఆటలో తేలదు, చాలా ఆటల్లో కనిపించే ధోరణి కావాలి. ఆట ముగిశాక సైట్ చూపించే ‘కచ్చితత్వం 95 శాతం’ అనే అంకెను పట్టుకుని తీర్పు చెప్పడం అందుకే తగదు. మనవాడు పదో ఎత్తులో మంత్రిని పోగొట్టుకుంటే, ఆ తర్వాత ఎదుటివాడికి సరైన ఎత్తులు దొరకడం కష్టమేం కాదు. నాలుగు ఎత్తుల్లో మాట్ వేసిన ఆరేళ్ల పిల్లకూ కచ్చితత్వం తొంభై దాటొచ్చు.

నిపుణులకే ఇది తేలిక కాదు. 2022 సెప్టెంబరులో సెయింట్ లూయిస్‌లో మాగ్నస్ కార్ల్‌సన్ తనకంటే చాలా తక్కువ రేటింగ్ ఉన్న 19 ఏళ్ల హాన్స్ నీమన్ చేతిలో ఓడి, టోర్నమెంట్ నుంచే తప్పుకున్నారు. ఆన్‌లైన్‌లో గతంలో మోసం చేశానని నీమన్ ఒప్పుకున్నాడు. వందకు పైగా ఆన్‌లైన్ ఆటల్లో మోసం చేసి ఉండొచ్చని చెస్ డాట్ కామ్ నివేదిక చెప్పింది. కానీ ఎదురెదురుగా కూర్చుని ఆడిన ఆ ఆటలో మోసం జరిగినట్టు ఎవరూ రుజువు చేయలేకపోయారు. సరైన కారణం లేకుండా తప్పుకున్నందుకు ఫిడే ఎథిక్స్ కమిషన్ 2023 డిసెంబరులో కార్ల్‌సన్‌కు పది వేల యూరోల జరిమానా వేసింది.

నరొడిట్‌స్కీ ఉదంతం

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా కలచివేసింది నరొడిట్‌స్కీ సంగతి. మన పిల్లల్లో చాలామంది ఆయన వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లే. ఆయనకు బాగా పేరు తెచ్చినవి ‘స్పీడ్‌రన్’ వీడియోలు. గ్రాండ్‌మాస్టర్ ఒక కొత్త ఖాతా తీసుకుని, సైట్ అనుమతితో కింది రేటింగ్ నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ప్రతి ఎత్తు ఎందుకు వేస్తున్నాడో ఆ స్థాయివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం. తక్కువ రేటింగ్ వెనక పెద్ద ఆట దాక్కుని ఉండటం అంటే అదే మరి! కానీ దాన్ని పాఠంగా మార్చారు. ఓడించినవాడి పొరపాటును కూడా గౌరవంగా వివరించేవారు.

అలాంటి మనిషి మీద 2024 నుంచి మాజీ ప్రపంచ చాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ బహిరంగంగా అనుమానాలు లేవనెత్తుతూ వచ్చారు. అంతకు ముందు 2023లో హికారు నకమురా మీద కూడా అలాగే మాట్లాడారు. 46 బ్లిట్జ్ ఆటల్లో నకమురాకు 45.5 పాయింట్లు రావడం ఆయనకు వింతగా తోచింది. తనకంటే చాలా కిందివాళ్లతో వేల ఆటలు ఆడేవాడికి ఎప్పుడో ఒకప్పుడు అలాంటి వరస తగలడం లెక్క ప్రకారం అసాధారణం కాదని చెస్ డాట్ కామ్ పరిశీలించి చెప్పింది. నకమురా తట్టుకుని నవ్వేశారు. నరొడిట్‌స్కీ ఆ ఆరోపణల్ని ఖండించారు. కానీ తాను బాగా ఆడిన ప్రతిసారీ జనం అనుమానంగా చూస్తున్నారన్న బాధ ఆయన చివరి ప్రసారంలో కూడా వినిపించింది. ఆయన మరణానికి కారణం ఇదేనని చెప్పే అధికారం మనకెవరికీ లేదు. బతికి ఉండగా ఆయన పడిన వేదన మాత్రం వేల మంది చూశారు. 2025 నవంబరులో ఫిడే యాజమాన్యమే క్రామ్నిక్ మీద తమ ఎథిక్స్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. తాను తప్పేమీ చేయలేదన్నది క్రామ్నిక్ వాదన.

గ్రాండ్‌మాస్టర్‌నే అంతగా కుంగదీసిన మాట పదేళ్ల పిల్లాణ్ని ఏం చేస్తుంది? మన గ్రూపుల్లో ‘చీటర్’ అనిపించుకున్న పిల్లల తల్లిదండ్రులూ అదే గ్రూపుల్లో ఉంటారు, మరుసటి శనివారం అదే కెఫెటేరియాలో కూర్చుంటారు. అనే పిల్లలకూ నష్టమే. ‘వాడు మోసం చేశాడు’ అనుకున్న ఆటను పిల్లలు మళ్లీ చూసుకోరు. ఎక్కడ తప్పు చేశారో తెలుసుకునే అవకాశం అక్కడితో పోతుంది. కోచ్‌కు డబ్బు కడుతున్నదే ఓడిన ఆటలను విప్పి చూడటానికి కదా! నిజంగా అనుమానం ఉంటే చాట్‌లో తిట్టక్కర్లేదు, గ్రూపులో పెట్టక్కర్లేదు. రిపోర్ట్ బటన్ ఉంది. మోసం తేలితే ఖాతా మూసి, పోయిన పాయింట్లు తిరిగి వేస్తారు.

కావాలని రేటింగ్ తగ్గించుకునేవాళ్ల గురించి ఒక్క మాట. అమెరికాలో ఫిలడెల్ఫియా వరల్డ్ ఓపెన్ లాంటి పోటీల్లో కింది రేటింగ్ విభాగాలకు కూడా వేల డాలర్ల బహుమతులు ఉంటాయి. అందుకోసం చిన్న టోర్నమెంట్లలో కావాలని ఓడి, పెద్దదాంట్లో కింది విభాగంలో దిగే ఘనులు ఉన్నారు. దానికే అమెరికా సమాఖ్య ‘ఫ్లోర్’ అనే అడ్డుకట్ట పెట్టింది. ఒకసారి 1850 దాకా వెళ్లినవాడి రేటింగ్ ఆ తర్వాత 1600 కిందకు దిగదు. పెద్ద బహుమతులున్న పోటీలో తక్కువ రేటింగ్ వాడు దుమ్ము రేపుతుంటే, ఇంజిన్ కంటే ముందు వాడి పాత రేటింగ్ చూడటం మంచిది.

వేసవి సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫిడే రేటెడ్ టోర్నమెంట్ ఆడించాలని చాలామంది అనుకుంటారు. చివరి నిమిషంలో ‘అక్కడి పిల్లలు అండర్‌రేటెడ్, మనవాడి పాయింట్లు పోతాయి’ అని మానేస్తారు. పాయింట్లు పోతాయన్నది నిజమే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఫిడే గుణకం 40. 1600 ఉన్న మన పిల్లాడు 1400 పిల్లాడి చేతిలో ఓడితే ఒక్క ఆటకే 30 పాయింట్లు పోతాయి, గెలిస్తే వచ్చేది తొమ్మిదో పదో. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2800 వైపు వెళ్తూ ఓపెన్ టోర్నమెంట్లు ఆడినప్పుడు ఎదుర్కొన్నది కూడా ఇదే లెక్క, పెద్ద ఎత్తున. ఆ స్థాయిలో గుణకం 10. 200 తక్కువ ఉన్నవాడి మీద గెలిస్తే 2.4 వస్తుంది, డ్రా అయితే 2.6 పోతుంది, ఓడితే 7.6 పోతుంది. అందుకే ఆ స్థాయివాళ్లు చాలామంది ఓపెన్ల జోలికే పోరు. అర్జున్ ఆడాడు, 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరాడు.

కాబట్టి టికెట్లు బుక్ చేసుకునేటప్పుడు టోర్నమెంట్ తేదీలు కూడా చూడండి. ఇంకో చిన్న ఊరట కూడా ఉంది. అసలు రేటింగే లేని పిల్లాడి చేతిలో ఓడితే ఫిడే లెక్కల్లో మనవాడి పాయింట్లు ఒక్కటి కూడా పోవు. అలాంటివాళ్లు అక్కడ మొదటి రౌండులోనే తగులుతారు.